పాత పరుగుబండి బేరము



గడచిన మాఘమాసమున మా మేనల్లుడు ఇంగ్లండు దేశమందలి కవెంట్రీ నగరమునుండి నాకొక లేఖ వ్రాసినాడు. అతడచట నొక వైద్యశాలలో ఉద్యోగము చేయుచున్నాడు. నాలుగేండ్లుగా కూడబెట్టిన ధనముతో నొక పాత స్పోర్ట్సు కారు కొనవలెనని వానికి బుద్ధి పుట్టినది. స్పోర్ట్సు కారనగా బరువులు మోయుటకును, బంధువర్గమును తరలించుటకును గాక, కేవలము పరుగులోని సౌఖ్యమునకై కట్టిన మోటారు బండి. అందు సాధారణముగా ఇద్దరికే చోటుండును. మూడు బండ్లు వాని మనస్సునందు మెదలుచున్నవట. ఒకటి ఆంగ్లేయులది, ఒకటి జర్మనులది, ఒకటి జపానువారిది. “మామయ్యా, మీరు ముప్పదియేండ్లు చరిత్ర చెప్పినవారు. ఈ మూడింటి చరిత్రయు విచారించి, ఏది నమ్మదగినదో సెలవిండు” అని లేఖ ముగించినాడు.

ఆ మరునాడే మా చెల్లెలు వచ్చి అరుగుమీద కూర్చుండి, “అన్నయ్యా, రెండు పీటల బండికి నాలుగేండ్ల కష్టార్జితమా? ఇంటిమీది అప్పు ఇంకను తీరలేదు. పైగా నేనా దేశము పోయితినేని భార్యాభర్తలు ఎక్కిన బండిలో నేనెక్కడ కూర్చుందును?” అని అడిగినది. రెండవ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. మొదటిదానికై పుస్తకములు తిరుగవేసితిని. అట్లు తెలిసికొన్నదే నేటి నా ప్రసంగము.

నేను మోటారు నడపుట ఎరుగను. కాని ఒకరు వాడిన వస్తువును మరియొకరు కొనుట యను వ్యవహారము మోటారుకంటె మిక్కిలి పురాతనమైనది. మన ధర్మశాస్త్రకారులు పదునెనిమిది వివాదపదములను చెప్పుచు, అందొకదానిని కొన్నవాని పశ్చాత్తాపమునకే కేటాయించిరి. దానికి క్రీతానుశయమని పేరు. యాజ్ఞవల్క్యుడు వస్తువునుబట్టి పరీక్షాకాలమును నిర్ణయించినాడు. విత్తనములకు 10 దినములు, ఇనుమునకు ఒక దినము, రత్నములకు 7 దినములు, పాడిపశువునకు 3 దినములు, బరువులాగు వాహనపశువునకు 5 దినములు. ఈ స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపుర చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున తెలుగుచేసినవాడు మన కేతన.

నారదుడు మరియొక మెట్టు ముందునకు పోయినాడు. కొనువాడు గుణదోషములను ముందుగా తానే పరీక్షింపవలెను. పరీక్షించి, మెచ్చి కొన్న పిదప అమ్మినవానిపై నెపము పెట్టరాదు. తొందరపడి కొన్నచో అదే దినమున చెడగొట్టక తిరిగి ఈయవచ్చును. రెండవ దినమున ఇచ్చినచో వెలలో ముప్పదవ వంతు నష్టపోవలెను. మూడవ దినమున అంతకు రెట్టింపు. అటుపిమ్మట వస్తువు కొన్నవానిదే. వస్తువును వాడుకొన్నందుకు కొంత తరుగు కోసికొనుట యన్న న్యాయము ఇందు గలదు. దీనిని జ్ఞప్తియందుంచుకొనుడు, మరల అవసరమగును.

వేగమునకై కొన్న వాహనమున్నచో పూర్వము గుర్రమే. మన భాషలో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించుటకు కారణము గుర్రపు బేరములో మోసపోవు ప్రభువు లుండుటయే అని నా ఊహ. ఆ శాస్త్రమున దేహదార్ఢ్యముతోపాటు సుడుల శుభాశుభములకును పెద్దపీట వేసినారు. ఎద్దుల సంతలో నేటికిని మనవారు సుడులు చూతురు గదా! ఆ సుడులు చూచు కన్ను డెక్క చూచుట మరచిన చోటనే బేరగాని పంట పండును. మా తండ్రిగారొకసారి కొమ్ములు చెక్కి నూనె వ్రాసిన యెద్దును, మెడమీది సుడి మంచిదని కొని తెచ్చిరి. అది కాడి మోసినది మూడు దినములు మాత్రమే. యాజ్ఞవల్క్యుని లెక్కకు గడువింకను రెండు దినములున్నది. కాని అమ్మినవాని ఊరు మాకెవ్వరికిని తెలియదు.

పరీక్ష లేని బేరమునకు పరాకాష్ఠ విజయనగరమున కనబడుచున్నది. పోర్చుగీసువాడగు నూనిజ్ గుర్రముల వర్తకుడై ఆ నగరమున నుండి, 16వ శతాబ్దమున ఒక వృత్తాంతము వ్రాసినాడు. సాళువ నరసింహరాయలు హోర్మజునుండియు ఏడెనునుండియు గుర్రములను రప్పించి, వర్తకులు అడిగినంత వెల యిచ్చుచుండెడివాడట. బ్రదికినవైనను చచ్చినవైనను వేయి వరహాలకు మూడు చొప్పున కొనెడివాడట. సముద్రముమీద చచ్చినదాని తోక మాత్రము తెచ్చి చూపిన చాలును, బ్రదికినదానికివలెనే సొమ్ము ముట్టుచుండెను. రాయలు వెఱ్ఱివాడు కాడు. గుర్రములు లేనిచో రాజ్యము నిలువదు. ఓడప్రయాణపు నష్టము వర్తకునిపై పడినచో వర్తకుడు మరల రాడు. అందుచేత ఆ నష్టము తానే భరించినాడు. కాని మా మేనల్లుడు రాయలు కాడు గదా! తోకకు వెలయిచ్చు స్తోమత వానికి లేదు.

ఇక మోటారులకు వత్తము. ఆంగ్లేయుల బండి పేరు ఎమ్.జి. ఆక్స్‌ఫర్డు నగరమున విలియం మారిస్ అను వ్యాపారికి మారిస్ గరాజెస్ అను దుకాణముండెను. దాని నిర్వాహకుడగు సెసిల్ కింబర్, సామాన్యులు వాడుకొను మారిస్ బండికే తేలికయైన ఒడలు తొడిగి, చురుకైన చిన్న బండిగా మార్చి అమ్మసాగినాడు. ఆ రెండు పదముల మొదటి అక్షరములే ఎమ్.జి. 1928లో లండను ప్రదర్శనమున చూపిన మిడ్జెట్ అను బండి వెల 175 పౌండ్లు. అంతకు ముందు పరుగుబండి జమీందారుల సొత్తు. అటుపిమ్మట గుమాస్తా కూడ దానిని కలగన వీలైనది. 1930 మొదలుకొని ఆబింగ్డన్ పట్టణపు కర్మాగారమున వీనిని కట్టిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1945 నుండి 1949 వరకు టి.సి. అను మాదిరి సుమారు 10,000 తయారైనవి. అందు దాదాపు 2,000 అమెరికాకు పోయినవి. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడచును, టి.సి.కి చుక్కాని చక్రము కూడ కుడివైపుననే యున్నది. అయినను వారు దానిని వలచి కొనిరి. వలపునకు సౌకర్యముతో పని లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆ టి.సి. ఒడలిలోపల ఉక్కురేకునకు ఆధారముగా కొయ్యచట్రముండెను. పైరేకు నిగనిగలాడుచుండగనే లోపలి కొయ్య పుచ్చిపోవచ్చును. 1962లో వచ్చిన ఎమ్.జి.బి. అను మాదిరికి కొయ్య తొలగినది. ఇది 1980 వరకు అయిదు లక్షలకు పైగా తయారైనది. మా మేనల్లుడు కోరిన ఆంగ్లేయ బండి ఇదియే. దీని నిర్మాణమును కొంచెము విపులముగ చెప్పవలెను, ఏలయన బేరమంతయు ఇందే యున్నది. మన యెడ్లబండికి ఇరుసును నొగలును వేరు, పైతట్ట వేరు. తట్ట చెడినను బండి నడచును. ఎమ్.జి.బి.కి అట్టి వేరు చట్రము లేదు. రేకులనే మడచి అతికి పెట్టెవలె చేసిరి, ఆ పెట్టె బలమే బండి బలము. తలుపుల క్రింద ఇరుప్రక్కల ముందునుండి వెనుకకు సాగు గుల్లదూలములు దానికి ప్రక్కటెముకలు. ఇంగ్లండులో శీతకాలమున రోడ్లమీది మంచు కరగుటకై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు గుల్లదూలములలో చేరి లోపలినుండి తినివేయును. పైన రంగు పూసిన బండి పెండ్లికొడుకువలె నుండును. దూలములు మాత్రము అప్పడములై యుండును.

ఇట్లని ఎమ్.జి.బి. చెడ్డదని తలపకుడు. దాని ఇంజను మోటుది, సరళమైనది. తరచుగా చిన్న చిన్న జబ్బులు చేయును. ఇంధనపు పంపు నిలిచిపోవును, తీగెలు విద్యుత్తును అందీయవు, నూనె కారును. కాని ప్రతి భాగమును నేటికిని క్రొత్తగా దొరకుచున్నది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థవారు పాత అచ్చులను వెదకి తీసి, దాని రేకుపెట్టెను సైతము మరల క్రొత్తగా చేయ మొదలిడిరి. కర్మాగారము 1980లో మూతపడినది, ఎనిమిదేండ్లకు దాని దేహము మరల పుట్టినది! తరచుగా కుంటునట్టిదే, కాని ఏ ఊరి వైద్యుడైనను నయము చేయగల యెద్దు అది.

జర్మనుల బండి పోర్షే 911. దీనిని 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున 901 అను పేర చూపిరి. నడుమ సున్నయుంచిన మూడంకెల పేర్లు తమ హక్కని ఫ్రెంచివారగు ప్యూజో కంపెనీవారు అడ్డుచెప్పగా, 1964లో 911 అని మార్చిరి. ముప్పదియేండ్లకు పైగా దీని ఇంజనును గాలియే చల్లార్చుచుండెను. 1997లో వచ్చిన మాదిరినుండి నీటితో చల్లార్చు ఇంజను పెట్టిరి. దానికి లోపలి సంకేతము 996. ఇప్పుడు పాత 911లలో చౌకగా దొరకునది ఈ 996 మాదిరియే. ఎందుచేతననగా, దాని ఇంజనులో క్రాంకుదండపు భ్రమణమును కవాటముల దండములకు అందించు నడిమి దండమొకటి గలదు. దాని కొనయందలి చిన్న బేరింగు కొన్ని బండ్లలో, ముందుగా ఏ మూలుగును లేకయే, పగిలిపోవును. పగిలినచో ఇంజను మొత్తము నాశనము. 2001 నుండి 2005 వరకు తయారైన కొన్ని బండ్ల విషయమున అమెరికాలో కొన్నవారందరి పక్షమున వ్యాజ్యము నడచి, 2013లో రాజీకి వచ్చినది. చెడునవి తక్కువ, చెడనివి ఎక్కువ. కాని అమ్మకమున నిలిచిన బండి ఏ జాతిదో చూపులకు తెలియదు. అందుచేత మంచివాని వెల కూడ పడిపోయినది.

ఈ విషయమునే జార్జి అకెర్లాఫ్ అను అమెరికా అర్థశాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసమున సిద్ధాంతీకరించినాడు. అమెరికావారు చెడ్డ పాత కారును “నిమ్మకాయ” యందురు. అమ్మువానికి బండి గుట్టు తెలియును, కొనువానికి తెలియదు. కనుక కొనువాడు మంచిదానికి తగిన వెల యీయ జంకును, సగటు వెలయే చెప్పును. ఆ వెలకు మంచి బండి గలవాడు అమ్మ నొల్లక యింట నుంచుకొనును. సంతలో చెడ్డవే మిగులును. అంతట కొనువాడు ఇంకను తక్కువ చెప్పును. ఈ వ్యాసమును మూడు పత్రికలు త్రిప్పి పంపినవి. 2001లో దీనికే అతడు మరి యిద్దరితో గూడి నోబెల్ బహుమానము పొందినాడు. మనకు ముచ్చటగొల్పు సంగతి యేమనగా, కార్ల సంత గురించి వ్రాసిన ఆ వ్యాసమున అతడు మన దేశపు బియ్యమును ఉదాహరించినాడు. బజారు బియ్యములో అదే రంగు, అదే ఆకారము గల రాళ్లను కావలెనని కలుపుటయు, మన గృహిణులు వానిని ఓపికతో ఏరుటయు అతడు వర్ణించినాడు. నేనీ మాట మా చెల్లెలికి చెప్పగా, “చేట పట్టిన ప్రతి ఆడుదానికి తెలిసినదానికి బహుమానమిచ్చిరా!” అని ఆశ్చర్యపడినది.

మూడవది జపానువారి మాజ్దా కంపెనీ చేసిన ఎమ్.ఎక్స్.-5. దీని పుట్టుకలో ఆంగ్లేయులకు కొంత పరాభవము గలదు. 1962లో కోలిన్ చాప్‌మన్ అను నిర్మాత లోటస్ ఎలాన్ అను మిక్కిలి తేలికయైన బండిని చేసినాడు. తోలిన వారందరును దానిని మెచ్చిరి. తేలికయైన చిన్న పరుగుబండ్లను ఆంగ్లేయులు 1980 నాటికి దాదాపు వదలివేసిరి. 1979లో బాబ్ హాల్ అను అమెరికా పత్రికావ్యాసకర్త, మాజ్దావారి కెనిచి యమమోటోతో ముచ్చటించుచు, అట్టి బండినే మీరేల చేయరాదని అడిగినాడు. పదేండ్లకు, 1989 ఫిబ్రవరిలో, షికాగో ప్రదర్శనమున ఎమ్.ఎక్స్.-5 బయటపడినది. తొషిహికో హిరాయి దానికి ప్రధాన నిర్మాత. జపానువారు ఎలాన్ బండిని శ్రద్ధగా పరిశీలించిరి. దాని తేలికదనమును గైకొని, చెడిపోవు గుణమును మాత్రము వదలివేసిరి. 2000 సంవత్సరమున 5,31,890 బండ్లతో ఇద్దరు కూర్చుండు పరుగుబండ్లలో మిక్కిలిగా అమ్ముడైనదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 2016లో పదిలక్షలవ బండి వెలువడినది.

దీనికిని దోషములున్నవి. మొదటి రెండేండ్లలో చేసిన కొన్ని ఇంజనులలో క్రాంకుదండపు ముక్కు పొట్టిదై, దానికి బిగించిన కప్పీ వదులై అరిగిపోవుచుండెను. అంతకంటె తరచుగా కనబడు దోషము త్రుప్పు. మడచివేయు గుడ్డపైకప్పుమీద పడిన వాననీరు దిగిపోవుటకు తలుపుల వెనుక రెండు తూములున్నవి. అవి ఆకులతో మూసుకొనినచో నీరు గుల్లదూలములలో నిలిచి వానిని తినును. కోట్లు ఖర్చుపెట్టి నిర్మించిన యంత్రము, గుప్పెడు ఎండుటాకులవలన చెడును. మన పెంకుటిండ్ల చూరుకాలువ గలవారికి దీనిని వివరింప బనిలేదు.

ఇప్పుడు ఆ దేశపు శాసనములు చూతము. 1960లో బ్రిటిషు ప్రభుత్వము పదేండ్లు దాటిన బండ్లకు ఏటేట పరీక్ష నిర్బంధము చేసినది. 1967లో ఆ గడువును మూడేండ్లకు దించినది. దీనిని ఎమ్.ఒ.టి. పరీక్ష యందురు. బండి సంఖ్య చెప్పినచో పూర్వపరీక్షల ఫలితములను, నాటి నాటి మైళ్ల లెక్కను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. అమ్మువాడు మీటరు వెనుకకు త్రిప్పినచో ఇక్కడ పట్టుబడును. ఎద్దు పండ్లు అరగదీసినను జాతకము దాచలేనట్లన్నమాట. కాని 2018 మే నుండి నలుబదియేండ్లు దాటినవానిలో పెక్కింటికి ఈ పరీక్ష మినహాయింపబడినది. ఎమ్.జి.బి.లన్నియు ఆ యీడు దాటినవే. ఇది బండిని ప్రేమించువారికి గౌరవముగా ఇచ్చిన మినహాయింపు కావచ్చును. కొనువానికి మాత్రము దీపమార్పుటయే.

2015నాటి వినియోగదారుల హక్కుల శాసనము ప్రకారము, వర్తకునియొద్ద కొన్న బండిలో దోషమున్నచో 30 దినములలో తిరిగి యిచ్చి పూర్తి సొమ్ము పొందవచ్చును. ఆ గడువు దాటిన పిదప ముందుగా మరమ్మతున కొక అవకాశమీయవలెను. అప్పటికిని కుదురక తిరిగి యిచ్చినచో, మోటారుబండ్ల విషయమున, వాడుకొన్నంతమేరకు తరుగు కోయవచ్చును. నారదుని ముప్పదవ వంతు ఇక్కడ జ్ఞప్తికి రాలేదా? అయితే ఇంటివద్ద స్వంతబండి నమ్ముకొను గృహస్థునికి ఈ 30 దినముల నిబంధన వర్తింపదు. ఆతడు బండిని గూర్చి అబద్ధము చెప్పకున్న చాలును. అడుగని ప్రశ్నకు అతడు బదులీయ నవసరము లేదు.

ఇవన్నియు వ్రాసి నేను మేనల్లునికి తెలిపినది క్లుప్తముగా నిది. నమ్మకమను మాట ఒకటియే యైనను అర్థములు రెండు. తరచుగా చెడి చౌకగా బాగుపడుట యొకటి. చెడుట అరుదై, చెడినచో ఇల్లమ్మించుట రెండవది. ఎమ్.జి.బి. మొదటి జాతిది, ఆ పోర్షే రెండవ జాతిది. పోర్షే కొనదలచినచో, ఇంజను వెల వేరుగా మూటగట్టి ఉంచుకొని కొనుము; అట్లు ఉంచుకొనగల ధనమున్నచో, అది ఇంటి అప్పు తీర్చగల ధనమే గదా, ఆలోచింపుము. ఏ బండి చూడబోయినను వానపడిన మరునాడు పొమ్ము. చల్లారిన ఇంజనును నీయెదుటనే నడిపింపుమని అడుగుము. జేబులో నొక అయస్కాంతపు ముక్క నుంచుకొనుము. రేకున్న చోట అది అంటును, త్రుప్పు రంధ్రమును మైనమువంటి ముద్దతో పూడ్చి రంగు పూసిన చోట అంటదు.

పదిదినములకు జవాబు వచ్చినది. మొదట నొక ఎమ్.జి.బి. చూచినాడట. ఎర్రని రంగు, మెరయు చక్రములు. అమ్మువాడు తేనీరిచ్చి ఆదరించినాడు. గుల్లదూలముమీద అయస్కాంతము నుంచగా జారి నేలపడినది. ఎడమప్రక్కను అట్లే. తేనీరు త్రాగి నమస్కరించి వచ్చివేసినాడు. “మామయ్యా, ఆ రంగు చూచిన పిదప అయస్కాంతము తీయుటకు నా చేయి రాలేదు. తీయకుండ ఉందునా యని క్షణకాలము తలచితిని” అని వ్రాసినాడు. ఆ ఒక్క వాక్యమును నేను రెండుసార్లు చదివితిని. మా తండ్రిగారికి సుడి కనబడిన క్షణము అట్టిదే అయియుండవలెను.

పోర్షేను చూచుటకే పోలేదట. తరువాత ఒక పదవీవిరమణ చేసిన వృద్ధుని యింట పాత ఎమ్.ఎక్స్.-5 ఒకటి చూచినాడు. దాని రంగు వెలిసినది. కుడిదూలమున ఎక్కడ మాటువేయించినదియు ఆ వృద్ధుడు తానే వంగి చూపినాడు. ఇంజనులో కవాటములకు కాలము తప్పనీయని రబ్బరుపట్టీ ఎప్పుడు మార్చినది, ఎన్ని మైళ్లకు మార్చినది, రసీదులన్నియు దారము గ్రుచ్చి ఉంచినాడు. ఎమ్.ఒ.టి. లెక్కలోని మైళ్లకును ఆ రసీదులలోని మైళ్లకును తేడా లేదు. అడిగిన వెలకు కొంచెము తగ్గించి బేరము కుదిరినది. అది మిగిలిన రెండింటికంటె చౌక యగుటచే, దాచిన సొమ్ములో సగము మిగిలినది. అది మా చెల్లెలి పేర వచ్చి చేరినది. అప్పు మొత్తము తీరలేదు, వడ్డీ భారము మాత్రము తగ్గినది.

బండి ఇల్లు చేరిన దినమున మొదట చేసిన పని, ఒక సన్నని ప్లాస్టికు తీగెతో ఆ రెండు తూములను శుభ్రపరచుటయట. ఎడమ తూమునుండి గుప్పెడు ఆకులు వచ్చినవట.